కుట్ర కథలో బుర్ర ఎవరిది, చేతులు ఎవరివి?

రాజకీయ కుట్ర మీద డాక్యుమెంటరీ వచ్చిందంటే చూసినవాళ్లు మొదట అడిగేది ‘ఇదంతా నిజమేనా?’ అని. తెర మీద ఎవరెవరు మాట్లాడారు, ఎవరికి మైకు అందలేదు అన్న ప్రశ్న చాలా వెనక వస్తుంది. అది కూడా మర్యాద కోసమే. ఆడవాళ్లు ఉన్నారా, దళితులు, గిరిజనులు, ముస్లింలు ఉన్నారా అని చూసి, ఉంటే ఒక మార్కు కలిపి, లేకపోతే ఒక మార్కు తీసేసి వదిలేస్తారు. వేరే డాక్యుమెంటరీలకు ఆ లెక్క సరిపోతుందేమో గానీ కుట్ర డాక్యుమెంటరీకి సరిపోదు. ఇక్కడ ఎవరిని మాట్లాడించారన్నదాన్ని బట్టే చెప్పిన విషయాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తేలుతుంది. విశాఖపట్నం చుట్టూ నడిచిన మూడు వ్యవహారాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

కుట్ర చాటుగా జరిగే పని. సంతకాలు పెట్టిన కాగితం దొరకదు, దొరికినా ఏళ్లు గడిచాక దొరుకుతుంది. అందుకే దర్శకుడు మనుషుల మాటల మీద ఆధారపడతాడు. ఆ మనుషులెవరని చూస్తే, రిటైరైన పోలీసు అధికారి, ఆ రోజుల్లో ఆ వార్త రాసిన సీనియర్ జర్నలిస్టు, ఒక మాజీ మంత్రి, ఒక లాయరు. నలుగురూ ఒకే ఊళ్లో, ఒకే కోర్టు వరండాలో తిరిగినవాళ్లు. అధికారి జర్నలిస్టుకు చెప్పాడు, జర్నలిస్టు రాశాడు, మంత్రి అది చదివాడు, లాయరు ఆ పేపరు కటింగునే జడ్జి ముందు పెట్టాడు. నాలుగు బైట్లు, అంటే నాలుగు ఇంటర్వ్యూ ముక్కలు, వరసగా పడేసరికి నలుగురు సాక్షులు ఒకే మాట చెప్పినట్టు అనిపిస్తుంది. అక్కడున్నది ఒకే మాట, నాలుగు నోళ్ల నుంచి వచ్చింది, అంతే. ఆ సంఘటనను ఇంకో వైపు నుంచి చూసిన మనిషి, అంటే డ్యూటీలో ఉన్న కానిస్టేబులో, టీ అందించిన కుర్రాడో, ఆ ఊరి కూలీయో, ఒక్కరు వచ్చి మాట్లాడినా ఆ మాట నిలుస్తుందా పడిపోతుందా అన్నది తెలిసేది.

దీనికన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. ప్రతి కుట్ర కథలోనూ పథకం వేసిన బుర్ర ఒకటి ఉంటుంది, దాన్ని అమలుచేసిన చేతులు కొన్ని ఉంటాయి. ఎవరికి బుర్ర ఉంటుందని మనం ముందే అనుకుంటామో, ఎవరిని చేతులుగా చూడటం మనకు అలవాటో, ఆ అలవాటంతా ఈ కథలోకి తిన్నగా వచ్చేస్తుంది. పెద్ద కులం, పెద్ద పదవి, పెద్ద చదువు ఉన్నవాడు పథకం వేస్తాడు. కూలీ, గిరిజనుడు, క్యాంటీన్ పనివాడు పావు అవుతాడు. ఇరవై మంది గిరిజనులను తెర మీద చూపించి కూడా వాళ్లందరినీ పావులుగానే చూపించవచ్చు. తలల లెక్క వేస్తే ఆ సినిమాకు మంచి మార్కులే వస్తాయి.

పార్వతీపురం కుట్ర కేసునే తీసుకుందాం. శ్రీకాకుళం ఏజెన్సీలో వడ్డీ వ్యాపారుల మీద, భూములు లాక్కున్న భూస్వాముల మీద గిరిజన సంఘం పోరాడుతున్న రోజులవి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత ఉద్యమం సాయుధ పోరాటం దారి పట్టింది. 1969 డిసెంబరులో కవి సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతుల్లో చనిపోయారు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు. ఉద్యమం వైపు వాళ్లు పట్టుకుని కాల్చేశారన్నారు. మిగిలినవాళ్ల మీద, మొత్తం వందకు పైగా మంది మీద, ప్రభుత్వానికి వ్యతిరేకంగా కుట్ర పన్నారని కేసు పెట్టారు. విచారణ విశాఖపట్నంలో నడిచింది. నక్సల్బరీ నాయకుడు కానూ సన్యాల్ ఈ కేసులోనే ఏళ్ల తరబడి విశాఖ జైల్లో ఉన్నాడు.

దీని మీద ఎవరైనా ఈరోజు డాక్యుమెంటరీ మొదలుపెడితే ముందు చేతికి అందేదేమిటి? సత్యం, కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. వాళ్ల ఫొటోలు ఉన్నాయి, వాళ్ల గురించి రాసినవాళ్లు ఉన్నారు, పాటలు ఉన్నాయి. ఇటు పోలీసు రికార్డు, కోర్టు తీర్పు ఉన్నాయి. అక్కడి గిరిజన తెగలైన సవరల, జాతాపుల వైపు నుంచి మిగిలింది చాలా తక్కువ. సభకు వెళ్తూ తూటా తగిలి పడిపోయారు కాబట్టి కోరన్న, మంగన్నల పేర్లు చరిత్రలో నిలిచాయి. ఆ రోజు వాళ్ల పక్కన నడిచి, తర్వాత దెబ్బలు తిని, మళ్లీ కొండెక్కి పోడు చేసుకున్నవాళ్లను పేరు పెట్టి తలుచుకునేది వాళ్ల ఇళ్లలోనే. దర్శకుడికి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండక్కర్లేదు. దొరికిన ఫొటోలతో, సులువుగా కుదిరిన ఇంటర్వ్యూలతో సినిమా కట్ చేసుకుంటూ పోతే చాలు, గిరిజనులు నాయకుల వెనక నడిచే గుంపుగా మిగిలిపోతారు.

అలా మిగిలిపోవడం వల్ల చరిత్రే తప్పిపోతుంది. బయటి నుంచి వచ్చిన పంతుళ్లు అమాయక గిరిజనులను రెచ్చగొట్టారన్నది అప్పటి ప్రభుత్వం మాట. నాయకులు వచ్చి గిరిజనులను మేల్కొలిపారన్నది అభిమానంతో సినిమా తీసేవాళ్ల మాట. రాజకీయంగా ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. గిరిజనుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ ఒకటే చెప్తాయి, అతనికి సొంత ఆలోచన లేదని. గోదావరి పక్క మన్యంలో 1879లో రంప తిరుగుబాటు జరిగింది. 1922 నుంచి 1924 వరకు మళ్లీ జరిగింది. అడవి మీద హక్కు పోతే ఏం చేయాలన్నది కొండల్లో వాళ్లకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పాఠం కాదు. ఆ కాలం చూసిన ఒక సవర పెద్దావిడను కూర్చోబెట్టి, షావుకారు గింజలు ఎలా కొలిచేవాడు, ఏ పొలం ఏ అప్పు కింద పోయింది, సంఘంలో చేరాలని ఇంట్లో ఎవరు ముందు అన్నారు అని అడిగితే, ఎవరు ఎప్పుడు ఏం నిర్ణయించుకున్నారో బయటపడుతుంది. కుట్ర కేసులో తేలాల్సిన అసలు సంగతి అదే కదా.

ఇక్కడ భాష సంగతి కూడా చూడాలి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, వాచకాలు రాసి, నిఘంటువు తయారుచేశారు. ఆయన ఆ పని మొదలుపెట్టి వందేళ్లు ఎప్పుడో దాటింది. ఇప్పటికీ కెమెరా కొండ మీదికి వెళ్తే ప్రశ్న తెలుగులోనే అడుగుతారు, అదీ టీవీ తెలుగులో. ఆ పెద్దావిడ సంతలో సరుకు కొనడానికి నేర్చుకున్న తెలుగులో నాలుగు చిన్న చిన్న ముక్కలు చెప్తుంది. చూసేవాళ్లకు ఆమె అమాయకురాలిగా కనిపిస్తుంది. సవరలో అడిగితే తేదీ చెప్పకపోయినా ఏ పండగకు ముందో, ఏ పంట కోతలప్పుడో చెప్తుంది, మధ్యలో పక్కావిడను సరిదిద్దుతుంది, ఒకచోట ఆగి ‘అది నేను చూడలేదు, విన్నాను’ అంటుంది. సాక్ష్యంలో అంత విలువైన మాట ఇంకోటి ఉండదు. ఎడిటింగ్‌లో ముందు పోయేదీ అదే. రెండు నిమిషాల మాట మీద వాయిస్ ఓవర్ వేసి, ‘మమ్మల్ని చాలా కష్టపెట్టారు’ అన్న ఒక్క వాక్యంతో ముగిస్తారు. సబ్‌టైటిల్స్ వేసి ఆమె గొంతును అలాగే వదిలేసిన సినిమాను, పైన వాయిస్ ఓవర్ కప్పేసిన సినిమాను ఒకే గాటన కట్టకూడదు.

రెండోది మనకు బాగా దగ్గరి సంగతి. 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయం వీఐపీ లాంజ్‌లో, అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి మీద కోడిపందేల్లో వాడే చిన్న కత్తితో దాడి జరిగింది. ఎడమ భుజానికి గాయమైంది. దాడి చేశాడన్నది అక్కడి క్యాంటీన్‌లో పనిచేసే యువకుడి మీద ఆరోపణ. ఇది ప్రభుత్వంలో ఉన్నవాళ్లు చేయించిన కుట్ర అని ఒక వైపు, సానుభూతి కోసం వాళ్లే చేయించుకున్నారని ఇంకో వైపు వాదనలు వెంటనే మొదలయ్యాయి. 2019 జనవరిలో కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ చేతికి వెళ్లింది. 2023లో ఆ సంస్థ కుట్ర కోణం కనబడలేదని కోర్టుకు చెప్పింది. నిందితుడు కోనసీమకు చెందిన దళిత యువకుడు. దాదాపు ఐదేళ్లు జైల్లో ఉన్నాక 2024 ఫిబ్రవరిలో హైకోర్టు బెయిల్ ఇచ్చింది.

అతను దోషా కాదా అన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. సినిమా తీసేవాళ్లు, చూసేవాళ్లు గమనించాల్సింది వేరే ఉంది. రెండు పార్టీల కథల్లోనూ ఆ యువకుడు పావే. ‘వాడి వెనక ఎవరున్నారు?’ అనే అందరూ అడిగారు. అతని దగ్గర ఒక పొడుగాటి ఉత్తరం దొరికిందని పోలీసులు అప్పుడే చెప్పారు. పేజీల కొద్దీ రాసుకున్న మనిషికి, తప్పో ఒప్పో, తనదంటూ ఒక ఆలోచన ఉండి ఉంటుందని ఒప్పుకోవడం రెండు కథలకూ ఇబ్బందే. ఇలాంటి వ్యవహారం మీద డాక్యుమెంటరీ తీస్తే కుటుంబాన్ని తప్పకుండా చూపిస్తారు. తల్లి ఏడుస్తుంటే క్లోజప్ వేస్తారు, కింద సంగీతం పెడతారు. దళిత తల్లికి తెర మీద చోటిచ్చామని లెక్క రాసుకుంటారు. కానీ ఆమెకు ఏం తెలుసని అడిగారు? వాయిదాలు ఎన్నిసార్లు పడ్డాయి, లాయరు ఎవరు పెట్టారు, ములాఖత్‌కు ఎంత ఖర్చయ్యేది, పార్టీల వాళ్లు ఎవరైనా ఇంటికి వచ్చారా, వస్తే ఏమన్నారు? ఇవన్నీ ఆమెకు తప్ప స్టూడియోలో కూర్చున్నవాళ్లకు తెలియని వాస్తవాలు. ఏడిపించడానికి పిలిస్తే ఆమె ఒక దృశ్యం మాత్రమే అవుతుంది. ఈ ప్రశ్నలు అడిగితే సాక్షి అవుతుంది.

మూడోది ఉక్కు. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ప్లాంటులో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కొరియా కంపెనీ పోస్కోతో 2019లోనే ఒక ఒప్పంద పత్రం మీద సంతకాలయ్యాయని ఆ తర్వాత పార్లమెంటులో కేంద్రమే చెప్పింది. ప్లాంటుకు సొంత ఇనుప గనులు ఇవ్వకుండా నష్టాల్లోకి నెట్టారన్న ఆరోపణ పాతదే. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించాక కూడా అనుమానం తీరలేదు. కుట్ర అన్న మాట కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలోనూ గాజువాక టీ కొట్ల దగ్గరా కూడా వినిపించింది. అందులో పస ఉందనడానికి కాగితాలూ ఉన్నాయి. కాబట్టి ఇది మంచి డాక్యుమెంటరీకి సరిపోయే విషయమే.

మరి ఇందులో ఎవరు మాట్లాడతారు? యూనియన్ నాయకులు, మాజీ అధికారులు, ఆర్థిక నిపుణులు. వాళ్లు మాట్లాడాల్సిందే. కానీ ఆ ప్లాంటు నిలబడ్డ నేల అరవైకి పైగా ఊళ్లది, 16 వేలకు పైగా కుటుంబాలది. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసి, ఆ కార్డును కొడుకుకు, మనవడికి అప్పజెప్పిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నిర్వాసితుల కాలనీలో కెమెరా పెడితే కథ 2021లో మొదలవదు, భూములు తీసుకున్న రోజున మొదలవుతుంది. మోసం చేసినవాళ్ల జాబితా కూడా మారిపోతుంది. అందులో ఢిల్లీతో పాటు హైదరాబాదూ ఉంటుంది, ప్లాంటు యాజమాన్యమూ ఉంటుంది, కొన్నిసార్లు వాళ్లను పట్టించుకోని యూనియన్లూ ఉంటాయి. కాంట్రాక్టు కార్మికులను పిలిస్తే ఇంకో పొర బయటికొస్తుంది. పర్మనెంటు ఉద్యోగి టెన్షన్ వేరు, గేటు పాస్ ఆగిపోతే మర్నాటి నుంచి కూలి లేని మనిషి టెన్షన్ వేరు. వీళ్లందరూ వస్తే ‘ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం కింద ఆంధ్రుల్లో ఎవరి హక్కు అన్న ప్రశ్న లేస్తుంది. దర్శకులు చాలామంది ఇక్కడే జంకుతారు, కథ బలహీనపడుతుందేమోనని. బలహీనపడేది పోస్టరే. పేదవాళ్ల భూమి చవగ్గా తీసుకుని కట్టిన ప్లాంటును ఇప్పుడు చవగ్గా అమ్మేస్తున్నారన్న వాదనకు నిర్వాసితుడి సాక్ష్యాన్ని మించిన బలం ఏముంటుంది?

బాధితుల మాటే చివరికి నిజమని తేలిన సందర్భాలు ప్రపంచంలో లేకపోలేదు. 1969 డిసెంబరు 4న చికాగోలో పోలీసులు తెల్లవారుజామున దాడి చేసి, నల్లజాతి యువ నాయకుడు ఫ్రెడ్ హ్యాంప్టన్‌ను మంచం మీదే కాల్చి చంపారు. ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు. తలుపులు తెరిచి ఉన్న ఆ ఇంట్లోకి వెళ్లి గోడల మీద తూటాల గుర్తులు కళ్లారా చూసిన నల్లజాతి జనం ఇది పథకం ప్రకారం చేసిన హత్య అన్నారు. ఆ ఇంటి ప్లాన్ గీసిచ్చింది అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మరేనని తర్వాత బయటపడింది. 1982లో ప్రభుత్వాలు కలిసి దాడిలో బతికినవాళ్లకు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు 18.5 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. అధికారుల బైట్లతోనే ఆ రోజు డాక్యుమెంటరీ తీసి ఉంటే అందులో కుట్రే ఉండేది కాదు.

ఇంకో రకం సినిమాలూ ఉన్నాయి. వాటిలో కుట్రదారు ఒక వ్యక్తి కాదు, ఒక మతమో కులమో. అలాంటిచోట ప్రాతినిధ్యం ప్రశ్నను తిరగేసి అడగాలి. 2020లో ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన ముస్లింల మత సమావేశం తర్వాత కరోనాను కావాలని వ్యాపింపజేస్తున్నారని ముస్లింల మీద దేశమంతా ప్రచారం నడిచింది. ఆ సమావేశానికి వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ చెప్పింది. నిందపడిన వర్గం నుంచి ఎవరో ఒకరిని తీసుకొచ్చి, ఆ నింద నిజమేనని వాళ్ల చేతే అనిపించి, ‘చూశారా, వాళ్లే ఒప్పుకున్నారు’ అని చూపించే సినిమాను వైవిధ్యం ఉన్న సినిమా అనడం అన్యాయం.

వైవిధ్యం అన్నిటికీ మందు అని కూడా చెప్పలేం. 1979లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ అధ్యక్షుడు కెన్నెడీ హత్య వెనక బహుశా కుట్ర ఉండి ఉంటుందని తేల్చింది. ఆ మాటకు ప్రధాన ఆధారం ఒక ధ్వని రికార్డింగు. 1982లో శాస్త్రవేత్తల బృందం ఆ ఆధారం నిలవదని చెప్పింది. అలాంటి చిక్కును ఏ కులం వాళ్లు, ఏ మతం వాళ్లు మాట్లాడారన్నది తీర్చలేదు. రికార్డింగును కొలిచే పనిముట్లే తీర్చాలి. మనుషుల మాట మీద నిలబడే భాగంలోనే ఎవరి మాట అన్నది లెక్కకొస్తుంది. కుట్ర సినిమాల్లో ఆ భాగమే చాలా పెద్దది.

చూసేవాళ్లు దీన్ని సులువుగానే పట్టుకోవచ్చు. మనిషి మాట్లాడుతున్నప్పుడు కింద పడే పేరు పట్టీని గమనిస్తే సగం అర్థమైపోతుంది. ఒకరి కింద పేరు, ఇంటిపేరు, హోదా, ‘రాజకీయ విశ్లేషకులు’ అని ఉంటుంది. ఇంకొకరి కింద ‘నిర్వాసితురాలు’ అని మాత్రమే ఉంటుంది, పేరు కూడా ఉండదు. ఆమె ముప్పై ఏళ్లు కార్యాలయాల చుట్టూ తిరిగి ప్రతి జీవో నంబరూ నోటికి చెప్పగలిగే మనిషి అయి ఉండొచ్చు. విశ్లేషకుణ్ని పుస్తకాల అరల ముందు కూర్చోబెడతారు, ఆమెను కూలిన గోడ ముందు నిలబెడతారు. అతన్ని ‘ఎందుకు జరిగింది?’ అని అడుగుతారు, ఆమెను ‘మీకెలా అనిపించింది?’ అని అడుగుతారు. అతను చెప్పినది తప్పని ఎవరూ అడ్డు చెప్పరు. ఆమె చెప్పిన వెంటనే అధికారి ఖండన పడుతుంది. ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడిన పాత్రలన్నీ బాధితులో నిందితులో అయి, కథ నడిపే గొంతు మాత్రం వేరే జిల్లాల తెలుగులో ఉంటే, ఆలోచించే పని ఎవరికి అప్పగించారో అక్కడే తెలిసిపోతుంది.

తీసేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. అది ఎడిటింగ్ పూర్తికాకముందే చేయాలి. ఇలాంటి సినిమాలు విశాఖలో సిరిపురం దగ్గరో బీచ్ రోడ్డులోనో ఏదో ఒక హాల్లో మొదట పడతాయి. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువమంది తెర మీద మాట్లాడిన విశ్లేషకులకు తెలిసినవాళ్లే. రఫ్ కట్‌ను, అంటే ఇంకా ఖాయం కాని మొదటి ఎడిటింగును, ముందు నిర్వాసితుల కాలనీలో, సవరలుండే సీతంపేట కొండల్లో, నిందితుడి ఇంటి వాళ్లకు చూపించాలి. ‘నేను అన్నది ఇది కాదు’ అని ఎవరైనా అంటే ఆ ముక్క మార్చాలి. మార్చడానికి కుదరకపోతే వాళ్ల అభ్యంతరాన్ని కూడా రికార్డు చేసి సినిమాలో పెట్టాలి. సవర నుంచి తెలుగులోకి మార్చిన మనిషి పేరు దర్శకుడి పేరుతో పాటు పడాలి, ఎందుకంటే ఆ సాక్ష్యం మన దాకా వచ్చింది ఆ మనిషి వల్లే. డ్రోన్ షాట్లకు డబ్బు దొరికిన సినిమాకు సీతంపేట దాకా ఒక ప్రొజెక్టరు పంపడానికి డబ్బు దొరకలేదంటే నమ్మడం కష్టం.